గుంటుపల్లి బౌద్ధ గుహలు

గుంటుపల్లి బౌద్ధ గుహలు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, ఏలూరు జిల్లా, కామవరపుకోట మండలంలో, గుంటుపల్లి - జీలకర్రగూడెం గ్రామాల వద్ద ఉన్న కొండలలో తొలచబడిన ప్రాచీన బౌద్ధారామము. క్రీ.పూ. 3-2 శతాబ్దులలో ప్రారంభమై అనేక శతాబ్దులపాటు బౌద్ధ భిక్షువులకు నివాసంగా ఉన్న ఈ స్థలం దక్షిణ భారతదేశంలోని అతి ప్రాచీన గుహాలయాలలో ఒకటి. ఇక్కడ కొండను తొలిచి నిర్మించిన వర్తులాకార చైత్యగృహం, భిక్షువుల విహారాలు, ఇటుకలతో కట్టిన చైత్యం, శిథిల మండపం, పెద్ద స్తూపం, అరవైకి పైగా చిన్న స్తూపాలు ఉన్నాయి. ఈ ప్రదేశం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్నది. దీనిని కొందరు "ఆంధ్రా అజంతా" అని కూడా పిలుస్తారు. అయితే అజంతాలో ఉన్నట్లు ఇక్కడ వర్ణచిత్రాలు లేవు. ఇక్కడి విశేషం శిల్పాలంకరణ కాదు, ప్రాచీనత.

పేరు, ఉనికి

గుంటుపల్లి అనే పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి కంటె ఎక్కువ గ్రామాలున్నాయి. విజయవాడ సమీపంలో, రాయనపాడు రైల్వే వ్యాగన్ల కర్మాగారం ఉన్న గుంటుపల్లి వేరు, ఈ గుంటుపల్లి వేరు. గుహలకు వెళ్ళగోరేవారు "కామవరపుకోట గుంటుపల్లి" అనో, "జీలకర్రగూడెం గుహలు" అనో అడిగితే పొరబాటుకు తావుండదు.

గుహలు ఏలూరు పట్టణానికి సుమారు 40 కి.మీ. దూరంలో ఉన్నాయి. ఈ ప్రాంతం పూర్వం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏలూరు జిల్లాలో చేరింది. అందువలన పాత పుస్తకాలలోను, కొన్ని దారి పలకలపైన పశ్చిమ గోదావరి జిల్లా అని కనిపిస్తే అది వేరొక స్థలమని అనుకోనక్కరలేదు.

ఏలూరుకు సమీపంలోని పెదవేగి ప్రాచీన వేంగీ నగరంగా చరిత్రకారులు గుర్తించారు. సారవంతమైన వేంగీ మైదానం ఒకవైపు, ఉత్తరాన అడవులతో కూడిన మెరక ప్రాంతం ఒకవైపు ఉండగా, ఆ రెండింటి మధ్య గుంటుపల్లి కొండలున్నాయి. భిక్షువుల నివాసానికి ఇటువంటి చోటు అనుకూలమైనది. భిక్ష కోసం నడచి వెళ్ళగలిగేంత దగ్గరలో ఊళ్ళు ఉండాలి. ధ్యానానికి భంగం కలగనంత దూరంలో కూడా ఉండాలి. ఆంధ్రదేశంలోని బౌద్ధారామాలు పెక్కు ఇటువంటి కొండలపైనే వెలిశాయి.

కొండలో ఎందుకు నివసించారు?

తొలినాళ్ళలో బౌద్ధ భిక్షువులు ఒకచోట స్థిరంగా ఉండేవారు కాదు. ఊరూరా తిరుగుతూ ధర్మబోధ చేసేవారు. అయితే వానకాలంలో ప్రయాణం కష్టం. పైగా నడకలో లేత మొక్కలు, చిన్న జీవులు నలిగిపోతాయి. అందుచేత ఆషాఢ పూర్ణిమ తరువాత మూడు నెలలపాటు ఒకేచోట ఉండాలన్న నియమం ఏర్పడింది. దీనిని వర్షావాసం అంటారు. మొదట తాత్కాలికంగా వేసుకున్న పాకలు కాలక్రమేణా స్థిరమైన విహారాలుగా మారాయి. కర్ర, గడ్డితో వేసిన పాక కొన్నేళ్ళకు శిథిలమవుతుంది. రాతిలో తొలిచిన గది తరతరాలు నిలుస్తుంది. దాతకు కూడా రాతి గదిని దానం చేస్తే శాశ్వత పుణ్యం లభిస్తుందన్న విశ్వాసం ఉండేది.

గుంటుపల్లి కొండ ఇసుకరాయితో కూడినది. ఇసుకరాయి నల్లరాయి (గ్రానైటు) కంటె మెత్తనిది కనుక ఉలికి సులభంగా లొంగుతుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన భేదాన్ని గమనించాలి. తెలంగాణలోని గుహాక్షేత్రాలు కొన్ని సహజంగా ఏర్పడినవి. ఉదాహరణకు నిజామాబాదు జిల్లా ఆర్మూరులోని నవనాథ సిద్ధుల గుట్టపై పెద్ద పెద్ద నల్లని బండరాళ్ళ నడుమ ఏర్పడిన సందులే గుహలై దేవాలయానికి ఆశ్రయమిచ్చాయి. అక్కడ ప్రకృతి ఇచ్చిన గుహను మనిషి వాడుకున్నాడు. గుంటుపల్లిలో గుహ లేని చోట మనిషి గుహను సృష్టించాడు. రెండింటినీ వాడుకలో గుహలనే అంటారు కాని, రెండవ దానికి స్థపతి, పనివారు, పోషకులు, దీర్ఘకాలపు ప్రణాళిక అవసరం.

రాతిని తొలిచి కట్టడాన్ని నిర్మించే పద్ధతి, ఇటుకలతో ఇల్లు కట్టే పద్ధతికి సరిగ్గా వ్యతిరేకమైనది. ఇల్లు కట్టేవారు పునాదితో మొదలుపెట్టి పైకప్పుతో ముగిస్తారు. గుహను తొలిచేవారు సాధారణంగా పైభాగంతో మొదలుపెట్టి క్రిందికి దిగుతారు. అందువలన పరంజా అవసరం తగ్గుతుంది. కాని ఒకసారి ఎక్కువగా చెక్కిన రాతిని తిరిగి అతికించడం సాధ్యం కాదు.

వర్తులాకార చైత్యగృహం

గుంటుపల్లిలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది ఈ గుహ. దీని లోపలి భాగం గుండ్రంగా ఉంటుంది. వ్యాసం సుమారు 18 అడుగులు. మధ్యలో అదే కొండరాతిలో మలచిన స్తూపం ఉన్నది. స్తూపానికి, గోడకు మధ్య ప్రదక్షిణ చేయడానికి ఇరుకైన దారి ఉన్నది.

తల ఎత్తి చూస్తే ఈ గుహ విశిష్టత తెలుస్తుంది. పైకప్పు గోపురంలా వంగి ఉంటుంది. దానిపై నడిమి నుండి అంచులకు దిగే రాతి వాసాలు చెక్కబడి ఉన్నాయి. రాతి కొండ లోపలి కప్పుకు వాసాలతో పని లేదు. అవి ఏ బరువునూ మోయవు. అయినా వాటిని శ్రమపడి చెక్కారు. కారణమేమంటే, ఆనాటి శిల్పికి తెలిసిన ఇల్లు కర్రతోను, గడ్డితోను కట్టిన గుండ్రని ఇల్లు. ఉత్తర కోస్తాలో నేటికీ అక్కడక్కడ కనిపించే చుట్టిల్లును చూసినవారికి ఈ పోలిక వెంటనే స్ఫురిస్తుంది. గుహ ద్వారంపై ఉన్న కమాను కూడా కర్రతో చేసిన ముఖద్వారానికి రాతి అనుకరణమే. వాసాల కొనలు బయటకు పొడుచుకువచ్చినట్లు సైతం చెక్కారు. కర్రతో కట్టిన ఆనాటి ఇళ్ళు ఒక్కటీ మిగలలేదు. వాటి రూపం ఎట్లుండెనో మనకు తెలియజేస్తున్నవి ఇటువంటి రాతి అనుకరణలే. అందుచేతనే భారతీయ వాస్తు చరిత్రలో ఈ చిన్న గుహకు పెద్ద స్థానం లభించింది.

ఈ ముఖద్వారాన్ని బీహారులోని బరాబర్ కొండలలో ఉన్న లోమశ ఋషి గుహ ముఖద్వారంతో పోలుస్తారు. బరాబర్ గుహలు మౌర్యుల కాలానివి, క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందినవి. గుండ్రని చైత్యగృహాలు దేశంలో చాలా అరుదు. మహారాష్ట్రలో జున్నార్ వద్ద ఉన్న తులజా గుహ మరొక ఉదాహరణ. తరువాతి కాలంలో చైత్యగృహాలు ఒక కొన గుండ్రంగా ఉండే పొడవాటి గజపృష్ఠాకారానికి మారాయి. కార్లే, భాజా, అజంతా చైత్యాలు ఆ రూపంలోనివే.

విహారాలు

చైత్యం పూజాస్థలం కాగా విహారం నివాసస్థలం. గుంటుపల్లిలో కొండ వాలులో వరుసగా తొలిచిన విహారాలున్నాయి. వీటిలో పెద్ద విహారం ముఖ్యమైనది. ఒక్కొక్క గది ఒకరిద్దరు పడుకొనడానికి సరిపోయేంత చిన్నది. గదుల కొలతలన్నీ ఒక్కతీరుగా లేవు. కొన్ని ద్వారాలపైన గవాక్షాల వంటి కమానులు చెక్కబడి ఉన్నాయి. మెత్తని ఇసుకరాయి కావడం వలన కొన్నిచోట్ల ముందుభాగం విరిగిపడి, లోపలి గదులు నేరుగా బయటకు కనిపిస్తున్నాయి.

ఈ గదులలో అలంకారం దాదాపు లేదు. భిక్షువుకు అనుమతించబడిన వస్తువులు కాషాయ వస్త్రాలు, భిక్షాపాత్ర వంటి కొద్దిపాటివే. గది కూడా దానికి తగినట్లే ఉన్నది. రాజప్రాసాదాల శిథిలాలు ఆనాటి వైభవాన్ని చెబుతాయి. ఈ గదులు ఎంత తక్కువతో మనిషి జీవించవచ్చునో చెబుతాయి.

ఇతర నిర్మాణాలు

ఇటుకల చైత్యం: గుహలతోపాటు ఇక్కడ ఇటుకలతో కట్టిన గజపృష్ఠాకార చైత్యగృహపు శిథిలాలున్నాయి. రాతిని తొలిచే పద్ధతి నుండి కట్టడపు పద్ధతికి జరిగిన మార్పు ఒకేచోట కనిపించడం విద్యార్థులకు ఎంతో ఉపయోగకరం.

మండపం: రాతి స్తంభాలతో కూడిన మండపం శిథిలావస్థలో ఉన్నది. భిక్షువులు సమావేశమగుటకు ఇటువంటి మండపాలు ఉపయోగపడేవి.

పెద్ద స్తూపం: మెట్ల దారిన ఎక్కి వెళితే ఎత్తైన చోట పెద్ద స్తూపం ఉన్నది. ఇక్కడి నుండి చుట్టూ ఉన్న పచ్చని లోయ, కొండలు కనిపిస్తాయి.

ఉద్దేశిక స్తూపాలు: కొండపై చదునైన భాగంలో అరవైకి పైగా చిన్న స్తూపాలు గుంపుగా ఉన్నాయి. మొక్కు తీర్చుకొనడానికి గాని, గతించిన భిక్షువుల స్మృతిగా గాని ఇటువంటి స్తూపాలను నిర్మించేవారు. కొన్ని రాతివి, కొన్ని ఇటుకలవి. వాటి పరిమాణాలు కూడా వేరువేరు.

శాసనాలు, చరిత్ర

ఇక్కడి శాసనాలలో ముఖ్యమైనది మహామేఘవాహన వంశపు సిరిసద అనే రాజు కాలానిది. ఇది బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నది. ఇందులో ఆ రాజు కళింగ, మహిషక దేశాల అధిపతిగా పేర్కొనబడ్డాడు. మొదట్లో ఈ శాసనాన్ని కళింగ చక్రవర్తి ఖారవేలునికి ఆపాదించారు. ఖారవేలుడు కూడా మహామేఘవాహన వంశజుడే. తరువాత పండితులు రాజు పేరును సిరిసద అని చదివారు. సద అనే పేరుగల రాజుల నాణేలు, వేల్పూరు శాసనం కూడా లభించడంతో, శాతవాహనుల కాలంలో తీరాంధ్రాన్ని ఏలిన మరొక రాజవంశం గురించి చరిత్రకారులకు తెలిసింది.

ఈ శాసనంలో మరొక విశేషమున్నది. మండపాన్ని దానం చేసినది రాజు కాదు. రాజు వద్ద పనిచేసిన చులగోమ అనే లేఖకుడు. లేఖకుడనగా వ్రాయసకాడు. రాజుల పేర్లే మిగిలే చరిత్రలో, సుమారు రెండు వేల ఏళ్ళనాటి ఒక ఉద్యోగి పేరు ఇట్లు నిలిచిపోయింది. ఆరామాల పోషణ రాజుల వలననే గాక సామాన్య గృహస్థులు, ఉద్యోగులు, వర్తకుల వలన కూడా జరిగేదని అమరావతి, భట్టిప్రోలు శాసనాలు చెప్పే విషయాన్ని గుంటుపల్లి కూడా బలపరుస్తున్నది.

వేంగీ రాజధానిగా పాలించిన సాలంకాయనుల కాలపు శాసనం కూడా ఇక్కడ లభించింది. అందులో నందివర్మ పేరున్నది. సాలంకాయనులు క్రీ.శ. 4-5 శతాబ్దులవారు. దీనిని బట్టి ఈ ఆరామం ఐదారు వందల సంవత్సరాలకు తక్కువ కాకుండా జీవించి ఉన్నదని చెప్పవచ్చును. క్రీ.శ. 7వ శతాబ్దిలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ వేంగీ ప్రాంతంలో ఇరవైకి పైగా సంఘారామాలు, మూడు వేలమంది భిక్షువులు ఉన్నట్లు వ్రాశాడు. ఆ తరువాతి శతాబ్దులలో రాజాదరణ, దాతల పోషణ తగ్గి బౌద్ధారామాలు ఒక్కటొక్కటే పాడుపడ్డాయి.

ఆధునిక కాలంలో ఈ స్థలాన్ని వివరంగా పరిశీలించినవారిలో అలెగ్జాండర్ రీ ముఖ్యుడు. 1894లో వెలువడిన దక్షిణ భారత బౌద్ధ పురావస్తువుల గ్రంథంలో ఆయన భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల వంటి స్థలాలను వివరించాడు. అనకాపల్లి సమీపంలోని శంకరం బొజ్జన్నకొండలో 20వ శతాబ్ది ఆరంభంలో త్రవ్వకాలు జరిపినది కూడా ఆయనే.

ధర్మలింగేశ్వరుడు

వర్తులాకార గుహలోని స్తూపాన్ని స్థానికులు ధర్మలింగేశ్వరస్వామిగా కొలుస్తారు. అండాకారపు స్తూపం శివలింగంలా కనిపించడం దీనికి కారణం. పేరులో "ధర్మ" శబ్దం ఉండడం గమనించదగినది. కొందరు దీనిని పొరబాటుగా భావించి తీసిపారవేస్తారు. అది సరికాదు. భిక్షువులు వెళ్ళిపోయిన తరువాత అనేక శతాబ్దులపాటు ఈ గుహను గుర్తుంచుకొని, పాడుచేయకుండా పవిత్రంగా చూసినవారు చుట్టుపక్కల పల్లెల ప్రజలే. పూజలేని స్తూపాలు అనేకం ఇటుకల కోసం, రాళ్ళ కోసం త్రవ్వబడి అంతరించాయి. అమరావతి స్తూపపు సున్నపురాతి ఫలకాలలో కొన్ని 18వ శతాబ్ది చివర కొత్త కట్టడాలకు తరలిపోయాయి. కొన్ని సున్నపు బట్టీల పాలైనాయి. దేవుడన్న భావన ఉన్నచోట గడ్డపార ఆగింది.

అదే సమయంలో, మెత్తని ఇసుకరాతిపై నూనె, పసుపు, కుంకుమ, దీపపు మసి చేరితే రాతి ఉపరితలం దెబ్బతింటుంది. భక్తిని అగౌరవపరచకుండా కట్టడాన్ని కాపాడుకొనడమెట్లు అన్నది ఇటువంటి స్థలాలన్నిటి ముందున్న ప్రశ్న. పూలు, నమస్కారం రాతికి హాని చేయవు. నూనె, మంట చేస్తాయి. ఈ తేడాను పిల్లలకు బోధించడం సులభమే.

అమెరికాలోని ప్యూబ్లో కొండ నివాసాలతో పోలిక

కొండను ఆశ్రయించి జీవించడం ప్రపంచంలో అనేక చోట్ల జరిగింది. అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి భాగంలోని ఎడారి ప్రాంతంలో ప్యూబ్లో ప్రజల పూర్వీకులు నిర్మించిన నివాసాలు వీటిలో ప్రసిద్ధమైనవి. న్యూమెక్సికో రాష్ట్రంలోని బాండెలియర్ జాతీయ స్మారక ప్రదేశంలో, అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని రాతి కొండలను తొలిచి వారు గదులు చేసుకున్నారు. అక్కడ క్రీ.శ. 1150 నుండి 1550 వరకు జనులు నివసించారు. లోయ నుండి 140 అడుగుల ఎత్తున ఉన్న ఒక గుహకు నేటికీ కొయ్య నిచ్చెనలు, రాతి మెట్లు ఎక్కి చేరుకోవాలి. ఈ ప్రదేశం 1916లో జాతీయ స్మారకమయింది. సుమారు 33 వేల ఎకరాల విస్తీర్ణంలో 70 శాతానికి పైగా రోడ్లు, కట్టడాలు లేని అడవిగానే ఉంచడానికి 1976లో చట్టరక్షణ కల్పించారు. కొలరాడో రాష్ట్రంలోని మెసా వెర్డె జాతీయ వనంలో (1906) సుమారు 600 కొండ నివాసాలున్నాయి.

రెండు చోట్లా మెత్తని రాయే మనిషిని ఆహ్వానించింది. రెండు చోట్లా నివాసులు వెళ్ళిపోయినా గదులు మిగిలాయి. భేదాలు కూడా అంతే ముఖ్యమైనవి. ప్యూబ్లో గదులలో కుటుంబాలు కాపురముండేవి. వారు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకునేవారు. నేడు నిజామాబాదు జిల్లా అంకాపూర్ వంటి గ్రామాలకు పేరు తెచ్చిన మొక్కజొన్న ఆ ఖండపు పంటే. అది మన దేశానికి వచ్చినది 16వ శతాబ్ది తరువాతనే. గుంటుపల్లిలో నివసించినవారు సేద్యం చేయని భిక్షువులు. చుట్టుపక్కల రైతుల అన్నమే వారికి ఆధారం. కాలంలో కూడా గుంటుపల్లి బాండెలియర్ కంటె వెయ్యేళ్ళకు పైగా పాతది.

ప్యూబ్లో ప్రజల సంతతివారు నేటికీ ఆ సమీపంలోనే జీవిస్తున్నారు. ఆ కొండగదులు విడిచిపెట్టిన శిథిలాలు కావని, తమ పూర్వీకులు ఇంకా నివసించే చోట్లని వారి విశ్వాసం. అందుచేత అక్కడ సందర్శకులు గోడలను తాకరాదని, పెంకు ముక్కను కూడా తీసుకొనరాదని నియమం. 2011లో సంభవించిన దావానలంలో బాండెలియర్ అడవి సగానికి పైగా కాలిపోయి, ఆ తరువాత వరదలు వచ్చాయి. అడవి చెడితే కొండకు కూడా ముప్పు వస్తుందని ఆ సంఘటన తెలిపింది. గుంటుపల్లి కొండలపై చెట్లు వాననీటి వేగాన్ని తగ్గించి రాతిని కాపాడుతున్నాయి. కట్టడాన్ని, చుట్టూ ఉన్న అడవిని ఒకటిగా చూడవలసిన అవసరం ఇక్కడ కూడా ఉన్నది.

సందర్శన

సమీపంలోని ప్రధాన రైల్వేస్టేషను ఏలూరు. ఇది విజయవాడ - విశాఖపట్నం మార్గంలో ఉన్నది. అక్కడి నుండి రోడ్డు మార్గాన కామవరపుకోట మీదుగా గుహలకు చేరవచ్చును. వేసవిలో ఎండ, ఉక్క అధికం కనుక నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. వానకాలంలో లోయ పచ్చగా ఉంటుంది కాని మెట్లు జారుతాయి.

త్రాగునీరు, ఆహారం వెంట తీసుకొని వెళ్ళడం మంచిది. వృద్ధులు మెట్ల వద్ద నిదానంగా ఎక్కవలసి ఉంటుంది. వర్తులాకార గుహలో వెలుతురు తక్కువ. పైకప్పు వాసాలను చూడడానికి చేతిదీపం ఉపయోగపడుతుంది. విద్యార్థులు మొదట వర్తులాకార గుహ, తరువాత విహారాలు, ఆపైన ఇటుకల చైత్యం, చివరకు స్తూపాలు అనే క్రమంలో చూస్తే రాతి నుండి ఇటుకకు జరిగిన మార్పు చక్కగా అర్థమవుతుంది. వేంగీ రాజధాని అయిన పెదవేగిని, వీలయితే ద్వారకా తిరుమలను కూడా ఇదే ప్రయాణంలో చూడవచ్చును.

పరిరక్షణ

ఇసుకరాయి ఇసుక రేణువుల కలయిక. వాననీరు లోనికి ఇంకి, మళ్ళీ ఆరినప్పుడల్లా రేణువుల మధ్య పట్టు సడలుతుంది. పగుళ్ళలో మొలిచిన వేర్లు రాతిని చీలుస్తాయి. ఇవి ప్రకృతి వలన కలిగే నష్టాలు. వీటిని నెమ్మదింపజేయవచ్చును గాని పూర్తిగా ఆపలేము. మనుషుల వలన కలిగే నష్టాన్ని మాత్రం పూర్తిగా ఆపవచ్చును. రాతిపై పేర్లు చెక్కడం, రంగులతో వ్రాయడం, స్తూపాలపైకి ఎక్కడం, గుహలలో మంట వేయడం వీటిలో ముఖ్యమైనవి.

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి హాని చేసినవారికి రెండు సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. కట్టడపు హద్దు నుండి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. భారత రాజ్యాంగం 51-ఏ అధికరణం మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని, అడవులను కాపాడడం పౌరుల ప్రాథమిక విధిగా పేర్కొన్నది.

చులగోమ తన పేరును ఒక మండపాన్ని కట్టించి ఇచ్చిన తరువాత చెక్కించుకున్నాడు. ఆ శాసనం నేడు చరిత్రకు ఆధారం. ఏమీ ఇవ్వకుండా అదే రాతిపై మేకుతో గీసిన పేరు రేపటి పరిశోధకునికి ఆటంకం మాత్రమే. ఒక్కసారి చెరిగిన అక్షరాన్ని, అరిగిన వాసాన్ని తిరిగి తెచ్చే విద్య ఏదీ లేదు కనుక, ఉన్నదానిని ఉన్నట్లు తరువాతి తరానికి అప్పగించడమే గుంటుపల్లి విషయంలో చేయదగిన పని.